బెత్తమును ఇసుకయు

బడులు తెరచిన నెల దినములలోపల ఏటేట ఎవరో యొక తల్లియో తండ్రియో మాయొద్దకు వచ్చి యొకే మాట చెప్పుదురు: "మాస్టారూ, మావాడు తెలివైనవాడే. ఒక్కచోట కుదురుగా కూర్చోడు, అంతే." ఆ మాటలో సగము ముద్దును, సగము భయమును ఉండును. ఇంటిలో వాని పరుగు చూచి అమ్మమ్మగారు దిష్టి తీయుదురు. బడిలో ఆ పరుగే నేరమగును. ఉదయము ఎనిమిది గంటలకు చురుకైన పిల్లవాడనిపించుకొన్నవాడు తొమ్మిదిన్నరకు అల్లరివాడనిపించుకొనును. వాని స్వభావము ఆ గంటన్నరలో మారియుండదు. వాడు కూర్చున్న చోటు మాత్రము మారినది.

ఇట్టి బాలునకు బడి యేమి చేయవలెనను ప్రశ్న క్రొత్తది కాదు. మన పంతుళ్లు దీనితో అనేక శతాబ్దములుగా పెనగులాడుచునే యున్నారు. వారు కనిపెట్టిన మందులు ముఖ్యముగా రెండు. ఒకటి బెత్తము. రెండవదానికి సరియైన పేరు లేదు. మేము దానిని ఇసుక యందుము, కారణము ముందు తెలియగలదు. ఈ రెండును మన వీథియరుగులమీద ప్రక్కప్రక్కనే పెరిగినవి. వానిలో నొకటి సముద్రము దాటిపోయి పేరు సంపాదించెను. ఒకటి మన యింటనే గట్టిగా వేరూని నిలిచిపోయెను. ఏది పోయెనో, ఏది నిలిచెనో చెప్పుటయే ఈ వ్యాసముయొక్క పని. బెత్తము పట్టినవారిలో మేమును ఒకరము గావున, ఈ కథ చెప్పుటలో పరనింద కంటె ఆత్మవిమర్శయే ఎక్కువగా నుండుట చదువరులు గమనింతురు గాక.

కొట్టనిదే చదువు రాదనువారు తరచుగా శాస్త్రమును సాక్ష్యమునకు పిలుతురు. వారికి శాస్త్రమున ఆధారము లేకపోలేదు. పతంజలి మహాభాష్యమున నుదాహరించిన యొక శ్లోకము, గురువులు కొట్టునప్పుడు వారి చేతులలో అమృతమే గాని విషముండదనియు, లాలనమువలన దోషములును తాడనమువలన గుణములును పుట్టుననియు చెప్పుచున్నది. కాని శాస్త్రమును సగము చదివి విడుచుట న్యాయము కాదు. గౌతమధర్మసూత్రము శిష్యుని కొట్టకయే శిక్షింపవలెనని మొదట విధించినది. అది శక్యము గానప్పుడు సన్నని త్రాటితోగాని చీల్చిన వెదురుబద్దతోగాని కొట్టవచ్చునని పిమ్మట సందిచ్చినది. మరి యే వస్తువుతోనైనను కొట్టిన గురువును రాజు దండింపవలెనని ముగించినది. మనువు తన రెండవ యధ్యాయమున, ఉపదేశము హింస లేక మధురమైన వాక్కుతో జరుగవలెననెను. ఎనిమిదవ యధ్యాయమున, కొట్టవలసివచ్చినచో వీపుమీదనే గాని తలపై నెన్నడును గూడదనెను. అనగా మన స్మృతికర్తలు బెత్తమునకు హద్దు గీచిరి. తరువాతివారు హద్దును మరచి బెత్తమును జ్ఞాపకముంచుకొనిరి.

ఆ తరువాతివారి బడి యెట్లుండెనో తెలిసికొనుటకు మనకొక మంచి సాక్ష్యము కలదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో తన రాజధానిలోని జిల్లాలన్నిటియందు దేశీయ పాఠశాలలెన్ని, వానిలో చదువువారెందరు, వారేమి చదువుచున్నారు అని కలెక్టర్ల నడిగెను. వచ్చిన జవాబులను కూర్చి 1826లో ఆయన వ్రాసిన లెక్క ప్రకారము రాజధాని యంతటను 12,498 పాఠశాలలును, 1,88,650 మంది విద్యార్థులును ఉండిరి. జనసంఖ్య యప్పటికి కోటి యిరువదియెనిమిది లక్షలకు పైబడినది. అనగా వేయిమందికి ఇంచుమించు ఒక బడి.

ఆ జవాబులలో మిక్కిలి వివరమైనది బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823 ఆగష్టు 17వ తేదిన పంపినది. ఈయన తెలుగువారికి పరాయివాడు కాడు. 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో తెలుగు నిఘంటువును ప్రకటించినవాడు. అనంతపురము ప్రాంతము గూడ నాడు బళ్లారి జిల్లాలోనిదే. ఆ జిల్లాలో 533 బడులుండెననియు, అందు 235 కన్నడపు బడులు, 226 తెలుగు బడులు అనియు ఆయన లెక్కించెను. చదువుచున్నవారు 6,641 మంది. వారిలో హిందూ బాలికలు 60 మంది మాత్రమే. ఈ చివరి సంఖ్యను చదువరులు మనస్సున నుంచుకొందురు గాక. దాని దగ్గరకు మరల వత్తుము.

కాంబెల్ చెప్పిన బడి ప్రాతఃకాలమున నారంభమగును. అందరికంటె ముందు వచ్చిన బాలుని యరచేతిలో పంతులు సరస్వతి పేరు వ్రాయును; అది గౌరవచిహ్నము. రెండవవానికి సున్న చుట్టును. పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదు. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైన వచ్చిన ప్రతివానికిని ఒక్కొక్కటి యెక్కువ. సోమరియైనవానిని కొట్టుదురు, రెండు చేతులు కట్టి యింటికప్పునకు వ్రేలాడదీయుదురు, లేదా ఎడతెగకుండ కూర్చుండబెట్టి లేపుదురు. మన తాతల నోట కోదండము, గుంజిళ్ళు అని మనము విన్నవి ఇవియే. గోడకుర్చీయు తొడపాశమును కూడ ఆ వంశములోనివే. గుంజిళ్ళు మిక్కిలి బాధాకరమైనను దేహమునకు మంచివేమో యని కాంబెల్ ఒక చురుక వేసెను.

కాని అదే నివేదికలో, అదే బడినిగూర్చి, ఆయన మరియొక మాట వ్రాసెను. పిల్లలను తరగతులుగా విభజించి, పై తరగతులను పంతులు స్వయముగా చూచుకొని, క్రింది తరగతులను కొంతవరకు పెద్దపిల్లలకు అప్పగించుచుండెను. చిన్నవారు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచుండిరి. తక్కువ ఖర్చుతో వ్రాత నేర్పుటయు, ఎక్కువ తెలిసినవానిచేత తక్కువ తెలిసినవానికి చెప్పించి ఆ చెప్పుటవలన చెప్పినవాని చదువును గట్టిపడజేయుటయు మెచ్చదగిన పద్ధతి యనియు, ఇంగ్లండు దానిని అనుకరించుట తగియే యున్నదనియు ఆయన యభిప్రాయపడెను. ఒకే అరుగుమీద కప్పునుండి వ్రేలాడు త్రాడొకటి, నేలమీద పరచిన యిసుక యొకటి. కాంబెల్ రెండింటిని చూచెను.

ఇంగ్లండు దేనిని అనుకరించెను? ఈ కథకై మనము ముప్పదియేండ్లు వెనుకకు, బళ్లారినుండి మద్రాసునకు పోవలెను. ఆండ్రూ బెల్ అను స్కాట్లండుదేశపు మతాచార్యుడు 1787లో మద్రాసు చేరి, 1789లో ఎగ్మూరునందలి యొక అనాథ బాలుర శరణాలయమునకు పర్యవేక్షకుడయ్యెను. ఆ బాలురు తెల్లసిపాయిలకును ఈ దేశపు స్త్రీలకును పుట్టినవారు. తండ్రి చనిపోయినవారు కొందరు, తండ్రి యుండియు లేనివారు కొందరు. బెల్ మొదట వారిని చూచి, మొండివారనియు, అబద్ధములకును మాయలకును అలవాటుపడినవారనియు వ్రాసెను. అనగా నేడు మన బడులలో ఎవ్వరును తమ తరగతిలో చేర్చుకొనుట కిష్టపడని పిల్లలు. వారికి చదువు చెప్పు జీతగాండ్రు చెప్పినదే చెప్పి విసిగి కూర్చుండిరి.

ఒక యుదయము బెల్ గుఱ్ఱముమీద పోవుచు ఒక తమిళపు వీథిబడిని చూచెను. పిల్లలు నేలమీద కూర్చుండి ఇసుకలో వ్రేళ్లతో అక్షరములు వ్రాయుచుండిరి. ఆయనకు మెఱపు మెఱసినట్లయ్యెను. వెంటనే శరణాలయమునకు మరలిపోయి, అక్షరముల తరగతికి ఇసుకమీద నేర్పుడని ఉపాధ్యాయునితో చెప్పెను. అది జరుగుపని కాదని ఉపాధ్యాయుడు త్రోసివేసెను. అప్పుడు బెల్ ఎనిమిదేండ్ల జాన్ ఫ్రిస్కెన్ అను నొక సామాన్య సిపాయి కుమారుని పిలిచి, ఆ తరగతిని వాని చేతికిచ్చెను. పెద్దవాడు కాదన్న పనిని చిన్నవాడు చేసి చూపెను. ఆ పిమ్మట ఒక్కొక్క తరగతియే బాలుర చేతికి వచ్చెను. ఫ్రిస్కెను కంటె పెద్దవాడైన విలియం స్మిత్ అను విద్యార్థి 1794లో టిప్పు సుల్తాను కుమారులను తండ్రియొద్దకు తిరిగి చేర్చిన బృందముతో వెళ్లి, సుల్తాను ఎదుట ప్రకృతిశాస్త్ర ప్రయోగములను ప్రదర్శించెను. మొండివారి బడినుండి ఇట్టివాడు వచ్చెను.

శిక్షల సంగతి యేమయ్యెను? బెల్ శరణాలయములో ఒక నల్లపుస్తకముండెను. వారమంతయు జరిగిన తప్పులను అందు వ్రాసి, వారాంతమున అందరి యెదుట చదివి, పన్నిద్దరు బాలురనే న్యాయనిర్ణేతలుగా కూర్చుండబెట్టి తీర్పు చెప్పించుచుండిరి. విధించిన శిక్షను తరచుగా తగ్గించుటయో, పూర్తిగా మన్నించుటయో జరుగుచుండెను. ఫ్రిస్కెను చేసిన పనికిని ఈ నల్లపుస్తకమునకును ఒక పెద్ద భేదమున్నది. ఒకటి పిల్లవానికి చెప్పుటకు పని యిచ్చినది. రెండవది పిల్లవానికి తోటివానిపై తీర్పు చెప్పు అధికార మిచ్చినది. బెల్ చేతిలో రెండవదానికి కరుణ అడ్డుకట్టగా నుండెను. ఆ కట్ట లేనిచోట ఏమగునో ఇంగ్లండు చూపెను.

బెల్ 1796లో స్వదేశమునకు పోయి, 1797లో తన ప్రయోగమునుగూర్చి యొక చిన్న పుస్తకమును లండనులో ప్రకటించెను. 1798లో అదే నగరములో జోసెఫ్ లాంకాస్టర్ అను నొక యువకుడు బీదపిల్లలకు బడి పెట్టి, బాలురచేత బాలురకు చెప్పించు పద్ధతినే పెద్దయెత్తున సాగించెను. అతడు క్వేకరు మతస్థుడు. కొట్టుట అతని మతమునకు విరుద్ధము. కావున బెత్తమును విడిచిపెట్టెను. దాని స్థానమున అతడు పెట్టినదేమి? అల్లరిచేసినవాని మెడలో కొయ్యమొద్దు వ్రేలాడదీయుట. కాళ్లకు సంకెలలు వేయుట. నలుగురిని ఒక కాడికి కట్టి వెనుకకు నడిపించుట. బుట్టలో కూర్చుండబెట్టి కప్పునకు వ్రేలాడదీసి పంజరములో పక్షియని తోటివారిచేత నవ్వించుట. దెబ్బ వీపునుండి తొలగి మనస్సునకు మారెను. కోదండము మద్రాసునుండి లండనునకు బెల్ తీసికొనిపోలేదు. అయినను అది యక్కడ తనంతట మొలకెత్తెను. 1808లో కవి కోలరిడ్జి ఒక బహిరంగోపన్యాసమున ఈ శిక్షలను తీవ్రముగా ఖండించెను.

వీరిద్దరి పక్షములవారును పెద్దపెద్ద సంఘములుగా నేర్పడి పోటీపడిరి. బెల్ పేర 1811లో స్థాపితమైన జాతీయ సంఘము ఆంగ్లచర్చి పక్షమునది. 1832లో బెల్ మరణించునాటికి మద్రాసు పద్ధతి బడులు సుమారు 12,000 ఉండెనని చెప్పుదురు. ఆయన జన్మించిన సెయింట్ ఆండ్రూస్ పట్టణమున ఆయన ధనముతో వెలసిన పాఠశాలకు నేటికిని మద్రాసు కాలేజి యని పేరు. మన వీథియరుగు పేరు స్కాట్లండులో ఒక రాతిభవనముమీద నున్నది.

కాని ఆ పద్ధతి అక్కడ నిలువలేదు. 1846లో ఇంగ్లండు ప్రభుత్వము కొంచెము పెద్దవారైన శిష్యోపాధ్యాయులకు జీతమిచ్చి తర్ఫీదు చేయు వేరొక యేర్పాటును తెచ్చెను. బాలబోధకుల బడులు క్రమముగా తగ్గిపోయెను. కారణము వెదుకుట కష్టము కాదు. ఒక్క గురువు వేయిమందికి చదువు చెప్పగలడని లాంకాస్టరు గర్వించెను. చౌక యన్నది మొదట గుణము, పిమ్మట లక్ష్యము, తుదకు దోషమయ్యెను. ఫ్రిస్కెను తన తరగతిలోని ప్రతి పిల్లవానిని పేరుతో నెరిగినవాడు. లాంకాస్టరు బడిలో బాలుడు ఒక యంత్రములో పంటిచక్రము. ఎదుటివాని కంటిలో అక్షరము వెలిగినదో లేదో చూడవలసినవాడు, వాని చేయి నిర్ణీతక్షణమున పలకమీదికి పోయినదో లేదో చూచువాడయ్యెను. ఇసుక పోయి, లెక్క మిగిలెను.

ఇచ్చట మేము ఇసుక యను పేరు ఏల పెట్టితిమో చెప్పవలసియున్నది. ఇసుకలో వ్రాసిన తప్పు అరచేతితో ఒక్కసారి త్రుడిచిన పోవును. దానికి ఖర్చు లేదు, మచ్చ లేదు. వ్రేలు కదలుచుండును, భుజము కదలుచుండును, పిల్లవాడు ముందుకు వంగి వెనుకకు జరిగి వ్రాయును, కదలికయే చదువగును. చంచలుడైన బాలునకు ఇంతకంటె తగిన పలక యెక్కడ నున్నది? బెత్తపు గుర్తు అట్లు చెరిగిపోదు. చెరిపివేయదగిన తప్పు, చేయదగిన పని, తనను నమ్మిన యొక పెద్దవాడు, ఈ మూడును కూడినదే మేము చెప్పు ఇసుక.

ఈ సత్యమును మరియొకచోట మరియొకరు వేరుదారిని కనుగొనిరి. రోము నగరమున సాన్ లోరెంజో యను బీదల పేటలో ఒక గృహనిర్మాణసంస్థ కూలివారికై భవనములను బాగుచేసి యిచ్చెను. తల్లిదండ్రులు పనికి పోగా, బడియీడు రాని పిల్లలు మెట్లమీద పరుగులెత్తి గోడలు పాడుచేయుచుండిరి. గోడలను కాపాడుకొనుటకై ఆ సంస్థ పిల్లలనొక గదిలో చేర్చి, వైద్యురాలైన మారియా మాంటిసోరికి అప్పగించెను. ఆ గది 1907 జనవరి 6వ తేదిన తెరువబడెను. ప్రసిద్ధమైన మాంటిసోరి విద్యకు పుట్టుక గోడలు గీకిన అల్లరిపిల్లలవలననే యని మనవారిలో ఎందరెరుగుదురు? ఆమె వారిని కూర్చుండుడని శాసింపలేదు. ఎత్తుటకు, పోయుటకు, తుడుచుటకు, అమర్చుటకు వారి చేతులకు సరిపడు వస్తువు లిచ్చెను. గోడలు గీకిన చేతులే గంటలకొలది ఒకే పనిలో నిమగ్నమయ్యెను. ఆమె 1939లో మద్రాసు అడయారునకు వచ్చి సుమారు 300 మంది ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. ఎగ్మూరులో బెల్ ఇసుకను చూచిన నూటయేబదియేండ్ల తరువాత, అదే నగరమునకు అదే పాఠము వేరొక వేషమున తిరిగివచ్చినట్లయ్యెను.

వైద్యశాస్త్రము చెప్పునదియు ఇచ్చట వినవలెను. 1902లో లండను వైద్యుడు జార్జి స్టిల్, బుద్ధికి కొరత లేకయు తమ్ము తాము నిగ్రహించుకొనలేని పిల్లలనుగూర్చి ఉపన్యాసము లిచ్చెను. నేడు వైద్యులు ఏడీహెచ్‌డీ యని పేర్కొను స్థితిని గూర్చిన తొలి వర్ణనలలో నిది యొకటిగా నెన్నుదురు. పరుగెత్తు ప్రతి బాలుడును రోగి కాడు. కాని ఇంటిలోను, బడిలోను, ఆటలోను గూడ, నెలల తరబడి, తాను కోరియు నిలువలేని పిల్లవాడు కొందరిలో నుండును. అట్టివానికి వైద్యుని సలహా యవసరము. కన్ను మసకైనవానికి అద్దములు పెట్టించుటకు మనము సిగ్గుపడము, దీనికిని సిగ్గుపడనక్కరలేదు. అట్టివానిని కొట్టుట, కుంటివానిని నడవలేదని కొట్టుటవంటిది.

శాసనముకూడ మారినది. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1వ తేదినుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము తన 17వ విభాగమున, పిల్లలను శరీరముపై దండించుటను, మనస్సును వేధించుటను రెండింటిని నిషేధించినది. గౌతముడు రాజునకు అప్పగించిన పనిని రాజ్యము తుదకు స్వీకరించినదన్నమాట. లాంకాస్టరు వేసిన బుట్టయు ఈ చట్టము క్రిందికి వచ్చును. ఎగతాళి గూడ దెబ్బయే యని శాసనము గుర్తించినది.

ఇక మా తప్పు చెప్పుకొందుము. ఇరువదియేండ్ల క్రిందట, మేము వృత్తిలో క్రొత్తవారమై యున్నప్పుడు, ఆరవ తరగతిలో ఒక బాలుడుండెను. తండ్రి బండిమీద కూరగాయ లమ్మువాడు. పిల్లవాడు పీటమీద రెండు నిమిషములు నిలువడు. ముందువాని సంచి లాగును, వెనుకవాని పలుకరించును. ఒకనాడు పెరటిలోని నీటికుళాయిని విరిచెను. తండ్రిని పిలిపించితిమి. ఆయన చేతులు జోడించి, "చర్మం మీది, ఎముకలు మావి మాస్టారూ, మీ ఇష్టం" అనెను. మేము ఆ యనుమతిని వినియోగించుకొంటిమి. బాలుడు ఏడువలేదు. మరునాడు రెండు చొక్కాలు తొడుగుకొని వచ్చెను. మా బెత్తము వానికి నేర్పిన విద్య అంతియే. ఆ రెండవ చొక్కా మాకు కనబడిన క్షణమున కలిగిన సిగ్గు నేటికిని తగ్గలేదు.

తండ్రి బండియొద్ద నిలిచి చిల్లర లెక్కించుటవలన వానికి తీసివేతలు నోటిమీదనే వచ్చును. ఆ లెక్కలు రాని ముగ్గురిని వానికప్పగించి, చింతగింజలిచ్చి, వరండాలో కూర్చుండుడంటిమి. వాడు కూర్చుండలేదు, ముగ్గురి చుట్టును తిరుగుచు, వంగి గింజలు జరుపుచు, తప్పయినచో నవ్వి చెరపుచు చెప్పెను. తిరుగుట వాని పనిలో భాగమయ్యెను. నెల తిరుగకమునుపే ఆ ముగ్గురికి లెక్క వచ్చెను. అప్పటికంటె ఎక్కువగా వానికి వచ్చెను.

అది చూచి గర్వించి మేము రెండవ తప్పు చేసితిమి. వానిని తరగతికి లీడరుగా చేసి, మేము లేనప్పుడు మాటలాడినవారి పేర్లు నల్లబల్లపై వ్రాయుమంటిమి. పదిదినములలో వాడు చిన్న నియంత యయ్యెను. పెన్సిలు ఇచ్చినవాని పేరు చెరపును, ఇయ్యనివాని పేరు వ్రాయును. ఒకనాడు బడి విడిచినపిమ్మట తోటివారు వానిని కొట్టిరి. చింతగింజలతో మేము ఫ్రిస్కెనును తయారుచేసితిమి. సుద్దముక్కతో లాంకాస్టరు బడిని తెరచితిమి. బెల్‌నుగూర్చి మేము చదివినది ఆ తరువాత. ముందే చదివియున్నచో ఆ పిల్లవానికి రెండు దెబ్బలు తప్పియుండెడివి. నేటికిని ఎన్ని తరగతులలో మాటలాడినవారి పేర్లు నల్లబల్లమీద వెలయుచున్నవో చదువరులు తమ పిల్లల నడిగి చూడవచ్చును. చురుకైన పిల్లవానికి కావలసినది పని. మనము తరచుగా ఇచ్చునది పెత్తనము. రెండింటికిని ఎంతయో దూరము.

ఆ బాలుడు గొప్ప విద్వాంసుడు కాలేదు. పదవ తరగతి ముగించి తండ్రి వ్యాపారమునే పెంచెను. కొన్నియేండ్లకు సంతలో కనబడి, మా సంచిలో కూరలు తానే వేసి, డబ్బు తీసికొననని పట్టుపట్టెను. చింతగింజలు జ్ఞాపకమున్నవా యని మేమడిగితిమి. "ఉన్నాయి మాస్టారూ, రెండూ గుర్తున్నాయి" అని నవ్వెను. రెండవది యేదో అతడు చెప్పలేదు. మేమడుగలేదు.

గృహస్థులైన చదువరులకు మా విన్నపములు కొన్ని కలవు. పిల్లవానిని బడికి తెచ్చునప్పుడు చర్మమును ఎముకలను పంచి యియ్యకుడు. వాడు దేనిలో నేర్పరియో, దేనికి విసుగుచెందునో చెప్పుడు. ఇంటిలో వానికి నిజమైన పని యొకటి అప్పగింపుడు: చెల్లెలికి అక్షరములు దిద్దించుటయో, కిరాణా లెక్క సరిచూచుటయో, చెట్లకు నీరు పోయుటయో. చేసినదానిని మెచ్చుకొనుడు, పాడుచేసినచో ఇసుకవలె చెరిపి మరల చేయనిండు. సాయంకాలము బడినుండి వచ్చినవానిని ఈ దినమున ఎవరు తిట్టిరని అడుగుటకు బదులు, ఎవరికి ఏమి చెప్పితివని అడుగుడు.

బాలికల మాటయు మరువరాదు. బళ్లారిలో నాడు బడికి వచ్చిన ఆ 60 మందికి నేడు కోట్లకొలది చెల్లెండ్రున్నారు. కాని పరుగెత్తు పిల్లవాని చూచి మగవాడు గదా యని మన్నించు ఇండ్లలోనే, పరుగెత్తు పిల్లను ఆడపిల్లకు ఈ ఆగడమేమి యని గదమాయించుట ఇంకను వినబడుచున్నది. దెబ్బ లేకుండగనే ఆమెను కూర్చుండబెట్టగలిగితిమి; కొందరిని జీవితాంతము. ఇసుక ఆమెకును పరువవలసినదే.

మన వీథియరుగుమీద నుండి సముద్రము దాటిపోయినది ఇసుక. మనకడ మిగిలినది బెత్తము. చట్టము బెత్తమును లాగికొన్నది. ఇక ఖాళీయైన చేతితో ఏమి చేయవలెనో తెలియక మనలో అనేకులు విసిగి కూర్చున్నారు, ఎగ్మూరులో ఆనాటి జీతగాండ్రు కూర్చున్నట్లే. ఆ చేతితో కొంచెము ఇసుక తీసి చదునుచేసి, కూర్చోని పిల్లవానిని పిలిచి, ఆ ప్రక్కవానికి నీవు చెప్పుము నాయనా యనుటకు రాజాజ్ఞ యక్కరలేదు, ధనమక్కరలేదు. ఎనిమిదేండ్లవాడు చేయగలడని ఒక పెద్దవాడు నమ్మవలెను, అంతియే.